తకిట తకధిమి మీద ఊపిరి: యోగాసనాలను నృత్యగతిలో సాగించే విధానం

యోగాసనాలు కొంతకాలం చేసిన వారందరికీ తెలిసిన ఇబ్బంది ఒకటుంది. ఆసనంలో ఉన్నంతసేపు శరీరం చక్కగా నిలుస్తుంది గానీ, దాన్ని విడిచి మరో ఆసనంలోకి వెళ్లే ఆ నాలుగు సెకన్లలో చేయి ఒకవైపు, కాలు ఒకవైపు పోయి, అప్పటిదాకా కుదిరినదంతా చెదిరిపోతుంది. నృత్యం నేర్చుకున్న వారిది ఇందుకు ఎదురు ఇబ్బంది: కదలిక అందంగానే సాగుతుంది, కానీ ఊపిరి ఎక్కడ తీసుకున్నారో, ఎక్కడ బిగబట్టారో వారికే తెలియదు. చిన్నప్పుడు ఆరేళ్లు కూచిపూడి నేర్చుకుని మానేసి, ముప్పై దాటిన తరువాత యోగాభ్యాసం మొదలుపెట్టిన నేను ఈ రెండూ పడ్డాను. ఇక్కడ వివరిస్తున్నది ఆ రెంటినీ ఒకేసారి సరిచేసుకోవడానికి ఇంట్లో క్రమంగా కుదుర్చుకున్న 40 నిమిషాల అభ్యాసం. నృత్యం రాని వారు కూడా దీన్ని చేయవచ్చు. అయితే సూర్యనమస్కారాలు, వీరభద్రాసనం, వృక్షాసనం వంటి మామూలు ఆసనాలను ఒక గురువు దగ్గర నేర్చుకుని ఉండడం అవసరం.

ఈ కలయిక కొత్తదేమీ కాదు. నాట్యశాస్త్రం నాలుగో అధ్యాయం 108 కరణాలను చెబుతూ, చేతుల, పాదాల సమాయోగమే కరణమని నిర్వచించింది. యోగమనే మాట ఆ నిర్వచనంలోనే ఉంది. చిదంబరం నటరాజాలయ గోపురాల మీద చెక్కిన కరణ శిల్పాలను చూసి చాలాకాలం వాటిని నిలకడ భంగిమలనే అనుకున్నారు. నృత్య పరిశోధకురాలు పద్మా సుబ్రహ్మణ్యం అవి కదలికలనీ, శిల్పి పట్టుకున్నది ఆ కదలికలో ఒక క్షణాన్ని మాత్రమేననీ వాదించి, ఆడి చూపించారు. యోగం వైపు చూస్తే, 1930లలో మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో తిరుమలై కృష్ణమాచార్య నేర్పిన విన్యాస పద్ధతిలో ఆసనానికి ఎంత విలువో, ఊపిరితో పాటు దానిలోకి వెళ్లి తిరిగివచ్చే దారికీ అంతే విలువ. మనం సాధన చేయవలసింది ఆ దారినే.

తాళం ఊపిరిది కావాలి, పాటది కాదు

యోగానికి నృత్యాన్ని కలపడమంటే ఒక సినిమా పాట పెట్టుకుని దాని దరువుకు ఆసనాలు వేయడమని చాలామంది అనుకుంటారు. నేను కూడా మొదట అలాగే చేశాను. పాట లయ మనిషి ఊపిరి కోసం కట్టినది కాదు కనుక, రెండో చరణానికి వచ్చేసరికి శరీరం పాట వెంట పరుగెడుతుంది, ఊపిరి వెనకబడిపోతుంది, మనసు సాహిత్యం మీదికి పోతుంది. అందుచేత మొదటి రెండు నెలలూ పాట వద్దు. తంబూరా శ్రుతి వినిపించే యాప్ ఒకటి, నిమిషానికి 60 దెబ్బలకు పెట్టిన మెట్రోనోమ్ ఒకటి ఉంటే చాలు. కొన్ని రోజులకు మెట్రోనోమ్‌ను కూడా ఆపేసి, జతిని, అంటే తకిట తకధిమి వంటి తాళాక్షరాల వరుసను, నోటిలోనే అనుకోవచ్చు.

జతిని ఎంచుకునేటప్పుడు ఒక చిన్న సూక్ష్మాన్ని గమనించండి. వదిలే ఊపిరి తీసుకునే ఊపిరి కంటే కాస్త పొడవుగా ఉంటే శరీరం త్వరగా సడలుతుంది. ఆదితాళంలోని ఎనిమిదిని సమంగా పంచితే నాలుగూ నాలుగూ అవుతుంది, కాబట్టి అది దీనికి అంతగా నప్పదు. మన బేసి గతులు మాత్రం ఇందుకోసమే పుట్టాయా అన్నట్టుంటాయి. ఖండగతిలో 'తక తకిట' అంటే రెండూ మూడూ. మిశ్రగతిలో 'తకిట తకధిమి' అంటే మూడూ నాలుగూ. సంకీర్ణంలో 'తకధిమి తకతకిట' అంటే నాలుగూ అయిదూ. ప్రతిదానిలోనూ మొదటి భాగం పొట్టిది, రెండోది ఒక్క అక్షరం పొడుగుది. మొదటి భాగంలో ఊపిరి తీసుకుని, రెండో భాగంలో వదలాలి. అక్షరానికి ఒక సెకను చొప్పున ఖండంలో ఒక ఊపిరికి అయిదు సెకన్లు, మిశ్రంలో ఏడు, సంకీర్ణంలో తొమ్మిది పడతాయి. అభ్యాసం కూడా ఈ వరుసలోనే సాగుతుంది: ఒళ్లు కాగడానికి ఖండం, అసలు భాగానికి మిశ్రం, చల్లారడానికి సంకీర్ణం.

ఎక్కడైనా ఊపిరి సరిపోలేదనిపిస్తే అక్షరాలను వేగం చేయండి, ఊపిరిని మాత్రం బిగబట్టకండి. మెట్రోనోమ్‌ను 70కో 75కో పెంచుకోవడంలో తప్పులేదు. పంతానికి పోయి తొమ్మిది అక్షరాలు లాగితే వచ్చేది ఆయాసమే.

చోటు, బట్టలు, వేళ

కాళ్లు చాచి రెండు వైపులా ఒక్కో అడుగు వేయగలిగినంత స్థలం కావాలి. హాల్లో టీపాయ్ పక్కకు జరిపితే సరిపోతుంది. కడుపు ఖాళీగా ఉండాలి, లేదా భోజనం చేసి మూడు గంటలైనా దాటి ఉండాలి. చుడీదారు అయితే చున్నీ తీసేయండి, పంచె అయితే గోచి బిగించండి. వేలాడే గుడ్డ కాలికి చుట్టుకునేది సరిగ్గా ఒంటికాలి మీద ఉన్నప్పుడే.

నేల విషయం మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. రబ్బరు యోగా మ్యాట్ అరికాలిని పట్టుకుని జారనివ్వదు, అది చేసే మేలు అదే. అయితే నృత్యగతిలో పాదం తిరగాలి. పట్టుకున్న పాదం మీద ఒళ్లు తిరిగితే, ఆ మెలిక మోకాలికి చేరుతుంది. మోకాలు ప్రధానంగా తలుపు బందులాగా ముందుకూ వెనక్కూ మడిచేందుకు ఉన్న కీలు, మెలిక పడితే ఓర్చుకోదు. మొదటి ఏడాది నేను మ్యాట్ మీద బరువుంచి సగం తిరుగుడు తిరిగాను. కుడి మోకాలి లోపలి వైపు చిన్నగా కలుక్కుమంది, అంతే. తరువాత ఆరు వారాలు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి నిలబడి చేసే భాగమంతా వట్టి నేల మీద చేస్తున్నాను, పడుకునే భాగానికే మ్యాట్. పాలిష్ పెట్టిన గ్రానైట్ మీద చెమట చుక్క పడితే జారుతుంది కాబట్టి పక్కన ఒక పొడి తువ్వాలు ఉంచుకోవాలి. టైల్స్ మీద జంపఖానా పరిచి చేయడం అన్నిటికంటే ప్రమాదం, కాలితో పాటు అది కూడా కదులుతుంది.

మోకాలి, నడుము ఆపరేషన్లు అయినవారు, అధిక రక్తపోటు లేదా తల తిరుగుడు ఉన్నవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడిగిన తరువాతే మొదలుపెట్టాలి.

ఒళ్లు కాగడానికి: ఖండగతిలో ఏడెనిమిది నిమిషాలు

సుఖాసనంలో కూర్చుని, ఒక అరచేయి పొట్ట మీద ఉంచి, 'తక' అన్నప్పుడు పొట్ట ఉబ్బడాన్ని, 'తకిట' అన్నప్పుడు దిగడాన్ని పది ఆవృత్తాలు, అంటే జతి పదిసార్లు పూర్తయ్యేదాకా, గమనించండి. తరువాత లేచి నిలబడి చీలమండలు, మోకాళ్లు, తుంటి, భుజాలు, మణికట్లు కింది నుంచి పైకి ఒక్కొక్కటీ తిప్పాలి. మెడను గుండ్రంగా తిప్పడం వద్దు. ఎడమకు, కుడికి, కిందికి చాలు. చివరగా తాడాసనంలో నిలిచి, 'తక'లో చేతులు పక్కల నుంచి పైకి, 'తకిట'లో అదే దారిలో కిందికి. ఇక్కడ పట్టుబడవలసింది ఒక్కటే: చేయి గమ్యం చేరడమూ, అక్షరం ముగియడమూ ఒకే క్షణంలో జరగాలి. చేయి ముందే చేరిపోయి అక్షరం కోసం కాచుకుని ఉంటే అది డ్రిల్లు. ఆలస్యమై చివర్లో గబుక్కున చేరితే అది కుదుపు. ఈ రెండు తప్పులూ పోవడానికి నాకు పదిరోజులు పట్టింది.

సూర్యనమస్కారంలో అల

ఇక మిశ్రగతి. విప్పే కదలికలన్నీ 'తకిట'లో, ముడిచే కదలికలన్నీ 'తకధిమి'లో. చేతులు పైకెత్తడం, వెనక్కి వంగడం, ఛాతీ తెరవడం విప్పేవి. ముందుకు వంగడం, పొట్ట లోపలికి తీసుకోవడం ముడిచేవి. ఈ ఒక్క నియమం గుర్తుంటే ఎప్పుడు తీసుకోవాలి, ఎప్పుడు వదలాలి అన్న సందేహం మిగలదు.

సూర్యనమస్కారంలో అన్నిటికంటే మొరటుగా జరిగే చోటు పర్వతాసనం నుంచి భుజంగాసనానికి దిగే చోటు. చాలామంది ధబ్బున మోకాళ్లు ఆనించి, ఛాతీ పడేసి, తల ఎత్తుతారు. దాన్ని అలలా మార్చే క్రమం ఇది. పర్వతాసనంలో ఉండగా 'తకిట'లో ఒక ఊపిరి తీసుకోండి. తరువాతి 'తకధిమి'లో 'త' అనగానే మడమలు నేల నుంచి లేస్తాయి. 'క'లో మోకాళ్లు కొద్దిగా మడిచి, నడుము చివరి ఎముకను లోపలికి తీసుకుని, పిల్లి ఒళ్లు విరుచుకునేటప్పుడు చేసినట్టు వీపును గుండ్రంగా చేయాలి. 'ధి'లో ఆ గుండ్రం నడుము నుంచి వీపుకు, వీపు నుంచి మెడకు పాకుతూ ఉండగా భుజాలు మణికట్లకు సరిగ్గా పైకి వస్తాయి. 'మి'లో మోచేతులు పక్కటెముకలకు ఆనించుకుంటూ మోకాళ్లు, ఛాతీ నెమ్మదిగా నేలకు దిగుతాయి. తరువాతి 'తకిట'లో ఛాతీ ముందుకు జారి భుజంగాసనంలోకి తెరుచుకుంటుంది, తల చివరగా లేస్తుంది. తల ముందే లేస్తే అల తెగిపోయినట్టే. చేతుల్లో బలం చాలని వారు 'క' దగ్గరే మోకాళ్లు ఆనించేయవచ్చు. వీపు గుండ్రం మాత్రం వదలకూడదు.

ఈ లెక్కన ఒక నమస్కారానికి ఆరు ఆవృత్తాలు, అంటే 42 సెకన్లు. కుడికాలితో ఒకటి, ఎడమకాలితో ఒకటి చొప్పున మూడు జతలు చాలు. మొదటి వారంలో నమస్కారాలు మానేసి, ఈ పర్వతాసనం నుంచి భుజంగాసనానికి దిగే అలను ఒక్కదాన్నే పదిసార్లు చేసినా నష్టం లేదు. నిజానికి నా సలహా అదే.

అరమండి నుంచి వీరభద్రుడి దాకా

కృష్ణా జిల్లా కూచిపూడిలో పుట్టిన నాట్యానికైనా, భరతనాట్యానికైనా అరమండే ఆధారం. పాదాల వేళ్లు బయటికి తిరిగి, మోకాళ్లు పక్కలకు మడిచి, వెన్ను నిటారుగా ఉంచి సగం కూర్చునే నిలకడ అది. అందులో తెరుచుకోవలసింది తుంటి కీలు. పాదాలను మాత్రం బలవంతంగా తిప్పి, మోకాళ్లను ముందుకే వదిలేస్తే ఏళ్ల తరువాత మోకాళ్లు బదులు చెబుతాయి. పరీక్ష సులువు. కిందికి చూడండి: మోకాలి చిప్ప, పాదంలో బొటనవేలి పక్క వేలు ఒకే గీతలో ఉండాలి. అరికాలి లోపలి వంపు నేలకు కూలిపోతోందంటే పాదాలు మరీ ఎక్కువ తిరిగాయని అర్థం, కాస్త దగ్గరికి తెచ్చుకోండి. మడమలు లేవనంతవరకు, పిరుదులు వెనక్కి పోనంతవరకు మాత్రమే దిగాలి. వేదిక మీద నర్తకి దిగేంత లోతు ఇక్కడ అక్కరలేదు.

అరమండిలో రెండు చేతులూ ఛాతీ ముందు హంసాస్యంలో, అంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి, తక్కిన మూడూ విప్పి, మోచేతులు భుజాల ఎత్తులో నిలపండి. ఇప్పుడు మూడు ఆవృత్తాల కదలిక.

మొదటి 'తకిట'లో కొద్దిగా లేస్తూ కుడిపాదాన్ని కుడివైపు మూడు అడుగుల దూరంలో వేయాలి, వేళ్లు కుడివైపే చూడాలి. ఎడమపాదాన్ని ముందుకు తిప్పేటప్పుడు మడమ ఎత్తి, ముని పాదం మీద తిప్పి దించాలి. పూర్తి బరువు మోపి తిప్పకూడదు. 'తకధిమి'లో కుడిమోకాలు మడుస్తూ, హంసాస్యం విప్పుకుని చేతులు రెండూ పతాకాలుగా, అంటే వేళ్లు చాచి కలిపి, పక్కలకు సాగితే అది వీరభద్రాసనం.

రెండో 'తకిట'లో కుడి అరచేయి పైకి తిరిగి, వేళ్లు చిటికెనవేలి నుంచి ఒక్కొక్కటిగా విచ్చుకుని అలపద్మమవుతూ, ఆ చేయి తల మీదుగా వెనక్కి వంపు తిరుగుతుంది. ఎడమచేయి ఎడమతొడ మీదికి జారుతుంది. 'తకధిమి'లో అదే వంపు ముందుకు తిరిగివచ్చి కుడి మోచేయి కుడితొడ మీద ఆనుతుంది, ఎడమచేయి చెవి మీదుగా ముందుకు సాగుతుంది. ఇది పార్శ్వకోణాసనం. మూడో 'తకిట'లో ఎడమచేయి ఆకాశాన్ని తుడిచినట్టు పెద్ద వలయం తిరుగుతూ ఒళ్లు లేస్తుంది, మోకాలు నిటారవుతుంది. 'తకధిమి'లో కుడిపాదం వెనక్కి, ఎడమపాదం మళ్లీ బయటికి, చేతులు ఛాతీ ముందుకు, తిరిగి అరమండి. మొత్తం 21 సెకన్లు. తరువాత ఎడమవైపు.

కళ్లను మరచిపోకండి. చేయి ఎక్కడికి వెళితే చూపు అక్కడికి, చూపు వెళ్లిన చోటికి మనసు అని అభినయ దర్పణమనే పాత నృత్యగ్రంథం చెప్పినది అభినయం కోసమే అయినా, ఇక్కడ అచ్చంగా శరీరానికే పనికొస్తుంది. కళ్లు చేతి వెంట వెళితే మెడ దానంతట అదే తిరుగుతుంది, మెడ వెంట వెన్ను తిరుగుతుంది. కళ్లు ఎదురుగోడ మీదే ఉండిపోతే చేతులు మాత్రమే ఆడతాయి, వెన్ను కర్రలాగా ఉండిపోతుంది. తొలి రోజుల్లో అద్దం ముందు చేయవద్దనడానికి కారణం ఇదే: చూపు చేతిని వదిలి అద్దంలోని మన మొహానికి అతుక్కుంటుంది.

ఇరువైపులా కలిపి నాలుగు విడతలు చేయండి. మొదటి విడతలో పాదాలు, మోకాళ్లు మాత్రమే చూసుకుని, చేతులు నడుం మీదే ఉంచుకోవచ్చు. రెండో విడతలో చేతులు, మూడో విడతలో కళ్లు కలపాలి. నాలుగో విడతలో దేన్నీ సరిదిద్దకుండా చేసేయాలి.

ఒంటికాలి మీద

కూచిపూడిలో తరంగమనే అంశంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలిచి అడుగులు వేస్తుంది. అంత సాహసం మనకు వద్దు గానీ, అందులో ఒక పాఠం ఉంది: పాదం రాయిలాగా బిగుసుకోదు, వేళ్లూ మడమా ఎప్పటికప్పుడు చిన్నచిన్నగా సర్దుకుంటూనే ఉంటాయి. వృక్షాసనంలో చీలమండ వణకడం చూసి కంగారు పడకండి, ఆ వణుకే నిలబెడుతోంది. వృక్షాసనంలో మూడు ఆవృత్తాలు నిలిచి, పైనున్న కాలిని నేలకు దించకుండానే మోకాలు ముందుకు తెచ్చి, వెనక్కి పంపి, చేతితో పాదం పట్టుకుని నటరాజాసనంలోకి వెళ్లడానికి రెండు ఆవృత్తాలు తీసుకోవాలి. ఇక్కడ మాత్రం చూపు చేతి వెంట పోకూడదు, రెండు గజాల దూరంలో నేల మీద ఒక చుక్క మీద నిలవాలి. పడిపోతే నవ్వుకుని మళ్లీ మొదలు.

భ్రమరులు, అంటే చుట్టు తిరుగుళ్లు, మొదటి మూడు నెలలూ వద్దు. ఆ తరువాత కూడా నాలుగు అడుగుల్లో నడుస్తూ తిరగాలి గానీ ఒకే పాదం మీద కాదు.

మీ సొంత వరుస

పై రెండు భాగాలూ చూడకుండా వచ్చేశాక, రోజూ మూడు నిమిషాలు సొంతంగా అల్లుకోండి. మీకు బాగా వచ్చిన అయిదు ఆసనాలను మించి తీసుకోవద్దు. ఒకదాని నుంచి ఇంకొకదానికి వెళ్లే దారిని అక్కడికక్కడే వెతుక్కోవాలి. ముందే కాగితం మీద రాసుకుంటే అది వ్యాయామ పట్టిక అవుతుంది. దారి తోచకపోతే అరమండికో తాడాసనానికో తిరిగివచ్చి, ఒక ఆవృత్తం ఊరికే ఊపిరి తీసుకుని, మళ్లీ బయలుదేరవచ్చు.

కుదుపులను పసిగట్టడానికి నాకు బాగా పనికివచ్చిన ఉపాయం ఒకటుంది. గజ్జెలు పూజచేసి కట్టుకునేవి కాబట్టి వాటి జోలికి పోలేదు. చిన్నపిల్లల మువ్వల పట్టీ ఒకటి మణికట్టుకు కట్టుకున్నాను. కదలిక సమంగా సాగితే మువ్వలు గుసగుసగా మోగుతాయి. ఎక్కడ 'ఘల్లు'మన్నాయో అక్కడ చేయి ఊపిరి కంటే ముందు పరుగెత్తిందన్నమాట. నాకు ప్రతిసారీ పార్శ్వకోణాసనం నుంచి లేచే చోటే ఘల్లుమనేది. కాలిబలంతో లేవకుండా చేయి విసిరి లేస్తున్నానని అప్పటిదాకా తెలియనే లేదు.

రెండు నెలల తరువాత సంగీతం కావాలనుకునే వారు వీణో వేణువో వినిపించే, సాహిత్యం లేని ఆలాపనను ఎంచుకోవాలి. ఆలాపనకు తాళం ఉండదు కాబట్టి మీ ఊపిరితో అది పోటీపడదు.

చల్లారడం

ఇక మ్యాట్ మీదికి రండి. గతి సంకీర్ణం: తీసుకోవడానికి నాలుగు, వదలడానికి అయిదు. వెల్లకిలా పడుకుని అరికాళ్లు కలిపి, మోకాళ్లు పక్కలకు వదిలి సుప్త బద్ధకోణాసనంలో పది ఆవృత్తాలు ఉండాలి. అరమండి వల్ల తొడల లోపలి భాగంలో పట్టేసిన కండరాలు ఇక్కడ వదులుతాయి. మోకాళ్లు గాలిలో వేలాడుతుంటే కింద దిండ్లు పెట్టుకోండి. తరువాత పవనముక్తాసనం, రెండు వైపులా పడుకుని నడుము మెలి, చివరగా శవాసనం కనీసం ఆరు నిమిషాలు. శవాసనంలో జతి అనుకోవద్దు. అప్పటిదాకా లెక్కపెట్టిన మనసు ఒకటి రెండు నిమిషాలు తనంతట తానే తకిట తకధిమి అంటూనే ఉంటుంది, దాన్ని ఆపడానికి ప్రయత్నించకుండా వదిలేస్తే మెల్లగా సద్దుమణుగుతుంది. లేచేటప్పుడు కుడిపక్కకు ఒత్తిగిలి, చేయి ఆనించి, తల చివరగా ఎత్తాలి. చెమట ఆరిన తరువాతే స్నానం, మరో అరగంట ఆగి ఫలహారం.

వారానికి నాలుగు రోజులు చాలు. మరుసటి రోజు తొడలు నొప్పిగా ఉంటే మామూలే. మోకాలి లోపల నొప్పి వస్తే మాత్రం అరమండి, వీరభద్రాసనం భాగాన్ని వారం రోజులు ఆపి, కూర్చుని చేసే భాగాలు, సూర్యనమస్కారంలోని అల కొనసాగించండి. వారం తరువాత కూడా నొప్పి ఉంటే ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి.